దెయ్యానికి కొలువు దొరికింది

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి మైకు వినిపిస్తోందా? సరే. ముందు చాపల మీద పిల్లలున్నారు కాబట్టి ఎక్కువగా వాళ్లవైపే చూసి మాట్లాడతాను. పెద్దలు ఏమీ అనుకోవద్దు.

నా చేతిలో ఉన్న ఈ పాత పత్రిక చూశారా? ఇంగ్లండ్‌లో పిల్లల కోసం వారం వారం వచ్చిన బొమ్మల పత్రిక ఇది. పేరు 'షివర్ అండ్ షేక్'. మొదటి సంచిక 1973 మార్చి 10న వచ్చింది. షివర్ ఒక దెయ్యం, షేక్ ఒక ఏనుగు. నన్ను తెలుగులో పేరు పెట్టమంటే 'వణుకు - గజగజ' అని పెడతాను. ఏనుగు కూడా ఆ మాటలోనే ఉంది కదా!

నేను ఐదో తరగతిలో ఉండగా మా నాన్నగారు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టలోంచి దీన్ని తీసి కొనిపెట్టారు. ఇంటికొచ్చి విప్పితే మధ్య పేజీలు లేవు. డబ్బులు దండగ అయ్యాయని అమ్మ అంది. అసలు సంగతి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇది ఒకదాంట్లో ఒకటి పెట్టి కుట్టిన రెండు పత్రికలట. బయటి పేజీలు దెయ్యానివి, లోపలివి ఏనుగువి. లోపలిదాన్ని బయటికి లాగి విడిగా దాచుకోవచ్చు. ఎవరో ఇంగ్లీషు పిల్లవాడు సరిగ్గా అదే చేశాడు. ఇంకో పేజీలో కత్తెరతో కోసిన చదరపు కంత ఉంది. 'ప్రతి వారం నాకొక ప్రతి తీసి ఉంచండి' అని రాసి పేపర్ల కొట్టులో ఇచ్చే చీటీ అక్కడ ఉండేది. దాని వెనకవైపు ఒక కథ చివరి గడి ఉంది. చీటీతో పాటు ఆ గడీ పోయింది. ఆ కథ ఎలా ముగిసిందో తెలియక నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. చివరికి ఆ కంత వెనక ఒక తెల్లకాగితం అంటించి, ఆ గడిని నేనే గీశాను. నేను బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది అక్కడే.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. భయమేస్తే పిల్లలు పారిపోతారని మనం అనుకుంటాం. ముప్పై ఏళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను, నాకు అలా అనిపించలేదు. వాళ్లు భయం వైపే నడుస్తారు. దగ్గరికి వెళ్లి, వేలితో పొడిచి చూడాలనుకుంటారు. బ్రిటన్‌లో కొందరు చిత్రకారులు ఈ సంగతి పసిగట్టారు.

అయితే కథ ఈ చిత్రకారుల దగ్గర మొదలు కాదు, స్కాట్లాండ్‌లో ఒక శ్మశానంలో మొదలవుతుంది.

గ్లాస్గో నగరంలో గోర్బల్స్ అని కూలీనాలీ జనం కిక్కిరిసి బతికే పేట ఉండేది. 1954 సెప్టెంబరు 23 సాయంత్రం, అక్కడి శ్మశానంలో పిల్లలు అల్లరి చేస్తున్నారని పోలీసులకు కబురొచ్చింది. ఒక కానిస్టేబుల్ వెళ్లి చూస్తే ఒకరూ ఇద్దరూ కాదు, వందలమంది పిల్లలు! నాలుగేళ్ల బుడతల నుంచి పద్నాలుగేళ్ల వాళ్ల దాకా ఉన్నారు. కొందరి చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో కత్తులు. ఏమిటర్రా అంటే, రక్తపిశాచిని పట్టుకోవడానికి వచ్చామన్నారు. ఏడడుగుల ఎత్తు, ఇనప పళ్లు. అప్పటికే ఇద్దరు మగపిల్లల్ని తినేసిందని చెప్పారు. నిజానికి ఆ ఊళ్లో ఏ పిల్లవాడూ తప్పిపోలేదు. శ్మశానం పక్కనే ఇనుము కరిగించే పెద్ద కార్ఖానా ఉండేది. ఆ మంటల వెలుగు పొగ మీద పడి సమాధుల వెనక ఆకాశమంతా ఎర్రగా కనిపించేది. అది చూసి పిల్లలకు ముచ్చెమటలు పట్టి ఉంటాయి. కానీ పట్టిన చెమటలతోనే లోపలికి వెళ్లారు, మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చారు.

ఆ పిల్లలు దాక్కోలేదు. మంచం కింద దూరి అమ్మా అనలేదు. వాళ్లు వేటకు వెళ్లారు!

పెద్దవాళ్లు మాత్రం హడలిపోయారు. ఈ పిచ్చి ఎక్కడినుంచి వచ్చింది? అమెరికా హారర్ కామిక్స్ వల్లే అన్నారు. ఆ కామిక్స్ బ్రిటన్‌లోకి రావడం అప్పటికే పెద్ద గొడవ. ఉపాధ్యాయులు, చర్చి వాళ్లు, ఆఖరికి కమ్యూనిస్టులు, మామూలుగా ఒక గదిలో కూర్చోవడానికే ఇష్టపడని వాళ్లంతా ఒకే మాట మీద నిలబడ్డారు. ఇనప పళ్ల పిశాచి ఉన్న అమెరికా కామిక్ ఏదని తర్వాత పరిశోధకులు వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఇనప పళ్ల మృగం బైబిల్లో, దానియేలు గ్రంథం ఏడో అధ్యాయంలో ఉంది. స్కాట్లాండ్‌లో పాతకాలం నుంచి వస్తున్న ఒక పద్యంలో ఇనప పళ్ల ముసలిదీ ఉంది. అంటే పిల్లలు తమ పిశాచిని బడి నుంచీ చర్చి నుంచీ తెచ్చుకుని ఉండొచ్చు. ఆ మాట వినే ఓపిక అప్పుడు ఎవరికీ లేదు.

1955లో చట్టం వచ్చింది. ఎక్కువగా బొమ్మలతో కథ చెబుతూ, నేరాలు, హింస, క్రూరత్వం, జుగుప్సాకరమైన సంగతులు చూపిస్తూ, చదివే పిల్లల మనసు చెడగొట్టేలా ఉన్న పుస్తకం అచ్చువేసినా అమ్మినా నాలుగు నెలల జైలు, లేదా నూరు పౌండ్ల జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం రాసినవాళ్ల మనసు చెడ్డదని నేను అనను. పిల్లల మీద బెంగతోనే రాశారు. కానీ శ్మశానం దాకా వెళ్లిన ఆ వందల పిల్లల్ని 'మీకేం కావాలర్రా?' అని ఎవరూ అడిగినట్టు లేదు.

ఇక మన చిత్రకారుల దగ్గరికి వద్దాం.

కెన్ రీడ్ అని మాంచెస్టర్ మనిషి. 1919లో పుట్టాడు. నాకు గురువుతో సమానం. 1964లో 'వామ్!' అనే కొత్త వారపత్రికలో, జులై నెలలో, 'ఫ్రాంకీ స్టైన్' అనే కథ మొదలుపెట్టాడు. అమెరికా టీవీలో రాక్షస కుటుంబాల కామెడీలు ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చాయి. కాబట్టి వాటిని చూసి గీశాడనడానికి వీల్లేదు.

కథ ఇదీ. ప్రొఫెసర్ క్యూబ్ అనే శాస్త్రవేత్తకు మిక్కీ అని ఒక కొడుకు. ఆడుకోవడానికి తోడు లేడని పిల్లవాడి గోల. సరే, తోడు నేనే తయారుచేస్తానని తండ్రి ప్రయోగశాలలో ఒక శాల్తీని తయారుచేశాడు. గుమ్మం కంటే ఎత్తు, గుమ్మటం లాంటి ఒళ్లు, చంటిపిల్లాడి మనసు. మిక్కీకి వాడంటే ప్రాణం. వాడికి మిక్కీ అంటే ప్రాణం. తండ్రికి మాత్రం వాడు కనబడితే చాలు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే వాడు ప్రేమగా తట్టినా గోడ కూలుతుంది. ఇక ప్రతి వారం ప్రొఫెసర్‌గారు వాడిని వదిలించుకోవడానికి ఒక పన్నాగం పన్నుతాడు. ప్రతి వారం ఆ పన్నాగం ఆయన నెత్తి మీదే పడుతుంది. చివరి గడిలో కట్లు కట్టించుకున్నది తండ్రి, నవ్వుతూ నిలబడ్డది ఫ్రాంకీ.

పెద్దవాళ్లు మళ్లీ ఒకసారి ఆలోచించండి. ఇక్కడ పిల్లవాడు రాక్షసుడిని చూసి భయపడడు. ఇంట్లోకి తెచ్చుకుని అన్నం పెడతాడు. వదిలించాలని చూసేది తండ్రి. గోర్బల్స్‌లో జరిగిందీ ఇదే కదా! పిల్లలు పిశాచి వైపు, పెద్దలు చట్టం వైపు. కెన్ రీడ్ ఆ సంఘటనను మనసులో పెట్టుకుని గీశాడని నేను చెప్పడం లేదు. పిల్లల వైపు నిలబడి చూసే మనిషికి ఇల్లు ఇలాగే కనిపిస్తుంది అంటున్నాను.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో హారర్ సినిమాలకు మంచి గిరాకీ. వాటికి 'ఎక్స్' సర్టిఫికెట్. మొదట్లో పదహారు నిండనివాళ్లను, 1970 తర్వాత పద్దెనిమిది నిండనివాళ్లను హాల్లోకి రానిచ్చేవారు కాదు. కానీ పోస్టరు రోడ్డు మీదే ఉంటుంది కదా. బడికి వెళ్లే పిల్లవాడు రోజూ ఆ కోరల్ని చూస్తూ వెళ్లాలి, లోపల ఏముందో మాత్రం తెలియకూడదు. ఆ ఆకలి తీర్చింది ఈ పత్రికలే. 1970ల్లో వాటి పేజీలు తిరగేస్తే దెయ్యం లేని వారం లేదు.

అక్కడ నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి చెబుతాను. ఆ దెయ్యాలన్నిటికీ ఉద్యోగాలున్నాయి.

'బస్టర్' పత్రికలో 'రెంట్-ఎ-ఘోస్ట్ లిమిటెడ్' అని ఒక కంపెనీ. మనం పెళ్లికి షామియానా అద్దెకు తెచ్చుకున్నట్టు దెయ్యాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు. గీసింది రెగ్ పార్లెట్, 1904లో పుట్టిన పెద్దాయన. 'కోర్!!' అనే పత్రికలో 'హైర్ ఎ హారర్' అని ఇంకో ఏజెన్సీ. 'షివర్ అండ్ షేక్'లో దెయ్యాల్ని పట్టే కంపెనీ కూడా ఉంది, 'ఘూల్ గెటర్స్ లిమిటెడ్'. అన్నిటికీ మేటి మాత్రం 'స్క్రీమ్ ఇన్', అంటే కేకల సత్రం. గీసింది బ్రయన్ వాకర్.

ఆ సత్రం లెక్క ఇదీ. పైన ఒక దెయ్యాల గది ఉంది. అందులో ఒక్క రాత్రి గడిపినవాళ్లకి పది లక్షల పౌండ్లు బహుమతి. ప్రతి వారం ఒక కొత్త అతిథి వస్తాడు, ఒక్కో వారం ఒక్కో వృత్తి వాడు. సత్రం యజమాని నుంచి వంటమనిషి దాకా అందరూ దెయ్యాలూ భూతాలే. వాళ్ల ఉద్యోగమల్లా తెల్లారేలోగా ఆ మనిషిని పరుగెత్తించడం. సత్రం నినాదం 'వియ్ ఆర్ ఓన్లీ హియర్ ఫర్ ద ఫియర్'. మేమున్నది భయం కోసమే అని. ఆ రోజుల్లో బ్రిటన్‌లో అందరి నోటా ఉన్న ఒక బీరు ప్రకటనలో 'ఐయామ్ ఓన్లీ హియర్ ఫర్ ద బీర్' అని ఉండేది. 'బీర్' తీసి 'ఫియర్' పెట్టారు, అంతే.

వాకర్ గీత దగ్గరికి తెచ్చుకుని చూడాలి. గీత మీద గీత అడ్డదిడ్డంగా అల్లి నీడలు వేస్తాడు, కటకటాల వెనక చీకటి నిజంగా చీకటిలాగే ఉంటుంది. ఆ చీకట్లో, కథతో సంబంధం లేకుండా, మూలమూలలా ఏవో చిన్న ప్రాణులు తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి. మొదటిసారి చదివితే కథ కనిపిస్తుంది, నాలుగోసారి చదివితే ఆ మూలలు కనిపిస్తాయి. భయపెట్టే బొమ్మను తిప్పేయకుండా అక్కడే నిలబడి చూడమని ఇంత ముద్దుగా నేర్పిన గీత ఇంకొకటి నాకు తెలియదు.

దెయ్యానికి ఉద్యోగం ఇస్తే ఏమవుతుంది? దానికి కూడా టెన్షన్ మొదలవుతుంది. ఇవాళ ఈ మనిషి భయపడకపోతే మా పరిస్థితేంటి అని దానికే గుండె గుభేలుమంటుంది. పది లక్షలు పోతే ఎలా అని యజమాని తల పట్టుకుంటాడు. అతిథి గురక పెట్టి నిద్రపోతుంటే దెయ్యం గోళ్లు కొరుక్కుంటుంది. చదివే పిల్లవాడికి ఆ దెయ్యం మీద జాలి కలుగుతుంది. జాలి కలిగాక ఇక భయం ఎక్కడిది?

మన 'చందమామ' బేతాళుడితో పోల్చి చూడండి. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ పుర్రెలు, దాన్ని చూసి నేనూ రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకున్నవాడినే. కానీ మన బేతాళుడు రాజుకంటే తెలివైనవాడు. కథ చెప్పి, చిక్కుప్రశ్న వేసి, మళ్లీ చెట్టెక్కుతాడు. మనకు భయం ఒక ప్రశ్నగా వచ్చింది. ఆ దేశం పిల్లలకు భయం ఒక చేతకాని గుమాస్తాగా వచ్చింది. రెండూ గొప్పవే. ఒకటి ఆలోచింపజేస్తుంది, ఒకటి పక్కన కూర్చోబెట్టుకోనిస్తుంది.

ఇందాక ఈ అట్ట చూసి ఒక పాప అడిగింది, దెయ్యం తెల్ల దుప్పటి ఎందుకు కప్పుకుంది అని. మంచి ప్రశ్నమ్మా. అది దుప్పటి కాదు, శవం మీద చుట్టే గుడ్డ. పూర్వం ఇంగ్లండ్‌లో చాలామందిని పెట్టె లేకుండా, గుడ్డలో చుట్టి పూడ్చేవారు. 1666 నుంచి ఆ గుడ్డ ఉన్నితోనే నేసి ఉండాలని చట్టం కూడా చేశారు, దేశంలో ఉన్ని వ్యాపారం బాగుండాలని. అందుకని ఆ జనానికి చనిపోయినవాళ్లు గుర్తొస్తే ఆ తెల్లగుడ్డే గుర్తొచ్చేది. దీనివల్ల ఒక ఘోరం కూడా జరిగింది. 1804 జనవరిలో లండన్ దగ్గర హామర్‌స్మిత్‌లో తెల్లదెయ్యం తిరుగుతోందని పుకారు పుట్టింది. ఫ్రాన్సిస్ స్మిత్ అనే అతను తుపాకీ పట్టుకుని కాపలా కాశాడు. థామస్ మిల్‌వుడ్ అనే తాపీ పనివాడు, పని బట్టల్లో, తెల్ల లాగూ, తెల్ల చొక్కా, ఏప్రన్‌తో సందులో నడిచి వస్తున్నాడు. స్మిత్ కాల్చేశాడు. ఆ పనివాడు అక్కడే చనిపోయాడు. స్మిత్‌కు మరణశిక్ష వేసి, తర్వాత ఏడాది కఠిన శిక్షగా తగ్గించారు. దెయ్యం ఎవరినీ చంపలేదు, పెద్దవాళ్ల భయమే చంపింది. ఈ దుప్పటి దెయ్యాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ తాపీ పనివాడు గుర్తొస్తాడు.

మళ్లీ కెన్ రీడ్ దగ్గరికి. 'షివర్ అండ్ షేక్'లో ఫ్రాంకీ స్టైన్‌ను మళ్లీ తెచ్చారు కానీ గీసింది రాబర్ట్ నిక్సన్. ఆయన గీత గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఆ ఫ్రాంకీ చాలామందికి ఇష్టం. నాకు మాత్రం రీడ్ గీసిన మొరటు ఫ్రాంకీయే ఇష్టం. అయితే రీడ్‌కు ఆ పత్రికలో ఇంకా మంచి పని దొరికింది. 'క్రీపీ క్రియేషన్స్' అని, వారానికి ఒక్క రాక్షసుడు, పేజీ నిండా రంగుల్లో. మొదటిదాని పేరు 'వన్-ఐడ్ వాంక్ ఆఫ్ విగన్'. విగన్ ఉత్తర ఇంగ్లండ్‌లో బొగ్గు గనుల ఊరు. ఊరి పేరు ఏ అక్షరంతో మొదలైతే రాక్షసుడి పేరూ ఆ ధ్వనితోనే రావాలి. మన వృత్త్యనుప్రాసే అనుకోండి. వేటపాలెం వేతాళం, గుంతకల్లు గుటకల భూతం, ఇలా మీరూ కట్టొచ్చు.

ఆ రాక్షసులకు ఊహలు పంపింది ఎక్కువగా పాఠకులే. పిల్లలు తమ ఇంట్లో కూర్చుని ఒక రాక్షసుణ్ని ఊహించి, పేరు పెట్టి, పోస్టులో పంపేవారు. రీడ్ దాన్ని తీసుకుని పులిపిర్లు, ముక్కులో వెంట్రుకలు, పుచ్చిన పళ్లు, కారుతున్న చొంగ, ఒక్కొక్కటీ కంసాలి నగ చెక్కినంత శ్రద్ధగా గీసేవాడు. పంపిన పిల్లవాడి పేరు అక్కడే అచ్చయ్యేది. ఆ పత్రికల్లో గీసిన చిత్రకారుల పేర్లు మామూలుగా వేసేవారే కాదు, అది నాకు ఇప్పటికీ బాధ. కానీ పిల్లవాడి పేరు వేశారు. అప్పటికి పంతొమ్మిదేళ్ల కింద గ్లాస్గోలో పిల్లలు పిశాచిని ఊహించుకుంటే పోలీసులొచ్చారు. ఇక్కడ పిల్లలు ఊహించుకుంటే దేశంలోకెల్లా గొప్ప చెయ్యి ఒకటి దాన్ని బొమ్మ కట్టింది.

తర్వాతి సంగతులు త్వరగా చెబుతాను. 1974 అక్టోబరులో 'షివర్ అండ్ షేక్' ఆగిపోయి 'హూపీ!'లో కలిసింది. ఆ ప్రచురణకర్తల పద్ధతి అది. అమ్మకాలు తగ్గిన పత్రికను ఇంకోదాంట్లో కలిపేసి, లోపల 'మిత్రులారా, శుభవార్త!' అన్న ధోరణిలో ప్రకటించేవారు. 1975 జూన్‌లో 'మాన్‌స్టర్ ఫన్' వచ్చింది. దానికి గౌరవ సంపాదకుడు ఎవరో తెలుసా? ఫ్రాంకీ స్టైన్! తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టాలని చూసినవాడికి సంపాదకుడి కుర్చీ వేశారు. అందులో రీడ్ 'మార్తాస్ మాన్‌స్టర్ మేకప్' గీశాడు. ఆ సీసాలోది ఒంటికి రాస్తే రాసిన భాగం రాక్షస రూపం ఎత్తుతుంది. డ్రాకులాస్ అనే కోరల పిల్ల కూడా అందులోనే. ఆడపిల్లలకు కూడా కోరలు ఇచ్చినందుకు నాకు ఆ పత్రికంటే గౌరవం. అదీ 1976 అక్టోబరులో 'బస్టర్'లో కలిసిపోయింది.

ఒక్క విశేషం చెప్పకుండా ఉండలేను. 1949లో మార్కస్ మారిస్ అనే క్రైస్తవ మతగురువు, కామిక్స్ పసిపిల్లల గదిలోకి హారర్‌ను తెస్తున్నాయని పత్రికలో వ్యాసం రాశారు. రాసి ఊరుకోలేదు, 1950లో 'ఈగల్' అనే మంచి పత్రికను తానే తెచ్చారు. అందుకు ఆయనకు దండం పెడతాను. చాలా ఏళ్ల తర్వాత, 1984లో, 'స్క్రీమ్!' అనే పత్రిక వచ్చింది. ఇది నవ్వుల దెయ్యాలది కాదు, నిజంగా జడిపించేది. పదిహేను వారాలకే ఆగిపోయింది. దాని కథలు ఎక్కడ తలదాచుకున్నాయి? అప్పటికి రెండేళ్ల కిందట మళ్లీ మొదలైన 'ఈగల్'లోనే!

కెన్ రీడ్ 1987లో పోయాడు. చివరిదాకా 'బస్టర్'లో 'ఫేస్‌ఏక్' గీస్తూనే ఉన్నాడు. ముఖాన్ని ఎలా కావాలంటే అలా వికృతంగా మార్చుకోగలిగే ఒక బడిపిల్లవాడి కథ అది. రాక్షసుడు బయటినుంచి రానక్కర్లేదు, ఆ పిల్లవాడి ముఖంలోనే ఉన్నాడు. పదహారేళ్లు ఆ ఒక్క ముఖంలోంచి ఎన్ని ముఖాలు తీశాడో! 2016 నుంచి రెబెలియన్ అనే సంస్థ ఆ పాత పత్రికల హక్కులు కొని, రీడ్ గీసినవాటిని చక్కని పుస్తకాలుగా వేస్తోంది. ఇప్పుడు అట్ట మీద ఆయన పేరు ఉంది. 2022లో 'మాన్‌స్టర్ ఫన్'ను కొత్త పిల్లల కోసం మళ్లీ మొదలుపెట్టారు.

ఇక ఈ ప్రతిని ముందు వరుస నుంచి పంపిస్తున్నాను. పిల్లలూ, తడిచేత్తో పట్టుకోవద్దు, మడత దగ్గర వంచవద్దు. న్యూస్‌ప్రింటు కదా, యాభై ఏళ్లకి అప్పడంలా పెళుసెక్కింది. చదరపు కంత ఉన్న పేజీలో, వెనక అంటించిన కాగితం మీద పెన్సిల్ బొమ్మ ఉంటుంది. అది నాది. ఆ చాపల పక్కన తెల్లకాగితాలు, పెన్సిళ్లు పెట్టించాను. ఆ గడిలో ఏం జరిగి ఉంటుందో ఒక్కొక్కరూ గీసి ఇవ్వండి.